మెడలో అట్టముక్క

వేసవికాలం మనిషి రూపంలో నడిచొస్తుంది. చొక్కా నిండా డాలరు నోట్లు. కూలివాడు ఎగబడి, రెండు చేతులా నోట్లు పీకి ప్యాంటు వెనక జేబుల్లో కుక్కుకుంటాడు. వాడి వీపు వెనకే నిలబడ్డ మేస్త్రీ అంతే చురుగ్గా ఆ జేబుల్లోంచి నోట్లు లాగి, తన వాటా ఉంచుకుని, మిగతాది దొరకు అందిస్తుంటాడు. కూలివాడు వెనక్కి తిరిగి చూడడు. చూడటానికి తీరికేదీ! చలికాలం వచ్చి డబ్బడిగేసరికి జేబులు ఖాళీ. భాష తెలియకపోయినా కథంతా కళ్లముందుంటుంది. మన పాలమూరు వలస కూలీకి చూపిస్తే, మేస్త్రీని ఇట్టే గుర్తుపడతాడు.

ఈ పొట్టి నాటకం పేరు 'లా కింతా తెంపొరాదా', అంటే అయిదో రుతువు. కాలిఫోర్నియా ద్రాక్ష తోటల సమ్మెలో పుట్టిన 'ఎల్ తియాత్రో కంపెసీనో' బృందం 1966లో కట్టింది. ఆ అయిదో రుతువు సామాజిక న్యాయం. నాకైతే ఆ పేరుకన్నా జేబులో చెయ్యే ఎక్కువ గుర్తుంటుంది.

ఆ సమ్మె ఇలా మొదలైంది: 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలనోలో లారీ ఇట్లియాంగ్ వెంట ఫిలిప్పినో వలస కూలీలు పని ఆపారు. మెక్సికన్ కూలీలు ఎక్కువగా ఉన్న సెసార్ చావెజ్ సంఘం 16న వాళ్లతో చేతులు కలిపింది. ఒక జాతివాళ్లు సమ్మెకు దిగితే ఇంకో జాతివాళ్లను తోటలోకి దించడం యజమానుల పాత ఎత్తు. అది ఈసారి పారలేదు. కానీ తోట లోపల ఇంకా కాయ కోస్తున్నవాళ్ల సంగతేమిటి? వాళ్లలో చదువు రానివాళ్లు చాలామంది. కరపత్రం అక్కరకు రాదు. గట్టు మీంచి అరిస్తే అది ఉపన్యాసం కాదు, కేక.

లూయీస్ వాల్డెజ్ 1940లో డెలనోలోనే వలస కూలీల ఇంట పుట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వీధి నాటక బృందంతో పనిచేసి ఊరికి తిరిగొచ్చాడు. నాటకాలు వేద్దామంటే చావెజ్ దగ్గర డబ్బూ లేదు, నటులూ లేరు. ఉన్నది సమ్మె చేస్తున్న కూలీలే. వాల్డెజ్ అట్టముక్కల మీద రాసి వాళ్ల మెడల్లో వేలాడదీశాడు: ఇద్దరికి 'సమ్మెకారుడు', ఒకరికి 'సమ్మె ద్రోహి'. ద్రోహి అట్ట వేసుకోవడానికి ముందు ఎవరూ రాలేదు, అది బూతుమాటతో సమానం మరి. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ వాడి మీద విరుచుకుపడేసరికి గదంతా నవ్వు.

ఈ అట్టలోనే ఉంది పనితనమంతా. వేషధారణ, పాత్ర పరిచయం, రెండూ ఒక్క తాడుతో అయిపోయాయి. అంతకన్నా ముఖ్యం, ద్రోహం మనిషి పుట్టుకలో లేదు, మెడలో ఉంది. తీసి పక్కన పడేయొచ్చు. లోపల పనిచేస్తున్నవాడిని తిట్టకుండా బయటికి పిలవడానికి ఇంతకన్నా ఒద్దికైన మార్గం నాకు కనిపించలేదు.

'లాస్ దోస్ కారాస్ దెల్ పత్రోన్‌సితో' (దొరగారి రెండు ముఖాలు) అనే మరో పొట్టి నాటకంలో అట్టకు తోడు పంది ముఖం ముసుగొకటి వచ్చింది. కూలీ బతుకే సుఖమని మురిసిపోయే దొర, తన ముసుగునూ చుట్టనూ కూలివాడికిచ్చి వేషం మార్చుకుంటాడు. ముసుగు తగిలించుకోగానే కూలివాడికి పెత్తనం ఇట్టే అబ్బుతుంది. జీవితమంతా దొరను చూసినవాడికి ఇంకొకరు నేర్పాలా? (ఇల్లూ కారుతో పాటు దొర పెళ్లాన్నీ ఆస్తి లెక్కలో వేసి నవ్వించడం మాత్రం నాకు మింగుడుపడదు.) దొర పెట్టుకున్న కాపలావాడే దొరను గుర్తుపట్టక ఈడ్చుకుపోతాడు. అప్పుడు ఆ దొర ఎవరిని పిలవాలి? చావెజ్‌నే. చివరికి నోట వచ్చేదీ సమ్మె మాటే.

1966లో డెలనో నుంచి శాక్రమెంటో దాకా సుమారు 300 మైళ్లు, 25 రోజులు సమ్మె కూలీలు నడిచిన పాదయాత్రలో, రాత్రి మజిలీల్లో ఈ నటులు నాటకాలాడారు. లారీ తొట్టే రంగస్థలం. మరుసటేడు బృందం సంఘం నుంచి విడిపోయింది, సమ్మె 1970లో ఒప్పందాల దాకా సాగింది.

ఆ పంది ముసుగు నాటకం చివర, దొరను ఈడ్చుకుపోయాక వేదిక మీద మిగిలేది కూలివాడొక్కడే. ఇల్లు, పొలం, కారు తనకు అక్కర్లేదని వదిలేస్తాడు. చుట్ట ఒక్కటి మాత్రం పట్టుకుపోతాడు.