పట్టాభి ఖాతాలో రెండో పద్దు

నెల్లూరు పట్టాభిరామిరెడ్డి గారిని మనవాళ్లు ‘ఫిడేలు రాగాల డజన్’ (1939) కవిగానే జమ కట్టుకుంటారు. బ్యాంకువాణ్ణి, రెండో పద్దూ చూడమంటాను.

తెలుగులో ‘పెళ్లినాటి ప్రమాణాలు’ (1958) నాటికి ఆయన నిర్మాతే, దర్శకత్వం కె.వి. రెడ్డి గారిది. తానే దర్శకుడైంది కన్నడంలో, అనంతమూర్తి నవల ‘సంస్కార’ (1970)తో.

నారణప్ప శవం లేవదు, అగ్రహారంలో ఎవరూ ముద్ద ముట్టరు. ఆ బరువును కన్నీళ్లతో దించకపోవడమే గొప్ప. చంద్రి మనసులోకి మాత్రం సినిమా పోలేదు. ఆమె ఆచార్యుల పరీక్షగానే మిగిలింది.

మద్రాసు సెన్సారు అడ్డుకున్న ఆ చిత్రానికే జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. ఛందస్సును లెక్కచేయని కవే ఇక్కడా కనిపిస్తాడు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కోలారువాళ్లం. ఈ పద్దు మనం రాయకపోతే ఎవరు రాస్తారు?