ఇసుక పళ్లెం

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత వాదన తెలుసు: పిల్లలకి అక్షరాలు రుద్దకండి, ఇష్టం పుట్టినప్పుడు వాళ్లే పట్టుకుంటారు. చలం 'బిడ్డల శిక్షణ', గిజుభాయి 'దివాస్వప్న' పేర్లు ఇక్కడ ఎన్నిసార్లు ఎత్తానో.

మంగళవారం మా వీధి మేస్త్రిగారి భార్య వచ్చింది. "మీ మాట మీద రెండేళ్లు ఆగామమ్మా. మా వాడికి తొమ్మిదేళ్లొచ్చాయి. డిస్లెక్సియా అన్నారు" అంది. గొంతులో కోపం లేదు. అందుకే రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పిల్లాడు పాడైన మిక్సీ విప్పి బాగుచేస్తాడు. మరలు విప్పిన వరసలోనే నేల మీద పేర్చుకుంటాడు. ఎవరూ నేర్పలేదు. చదువూ అలాగే వచ్చేస్తుందనుకున్నాను. కానీ వాళ్ల నాన్న పని పేరే చూడండి, 'మేస్త్రి'. గుడి సకారం నెత్తిన ఉంటుంది, దాని శబ్దం మాత్రం అన్నిటికన్నా చివర పలుకుతుంది. కింద తావత్తు, పక్కనుంచి చుట్టుకున్న క్రావడి. ఈ ముడి ఎవరో ఒకరు విప్పి చూపించకపోతే వాడికి ఎలా తెలుస్తుంది?

మా తాతయ్య పళ్లెంలో ఇసుక పోసి నా వేలు పట్టుకుని దిద్దించేవాడు. వేలు మండేది. నిర్బంధ చదువుకి ఉదాహరణగా ఆ పళ్లెం గురించి ఇక్కడే రాశాను. ఒక సంగతి మాత్రం రాయలేదు. ఒక అక్షరం చేతికొచ్చేదాకా తాతయ్య రెండోది చూపించేవాడు కాదు, అది మూడు రోజులు పట్టినా సరే. 1823లో బళ్లారి కలెక్టర్ కాంబెల్ ఆ జిల్లా బడుల గురించి రాసిన నివేదికలోనూ ఈ ఇసుక పద్ధతే ఉంది: పిల్లలు వర్ణమాల వల్లించడంతో కాక, ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకునేవారు.

డిస్లెక్సియా ఉన్న పిల్లలకి కావలసింది దాదాపు అదే. శబ్దాన్నీ గుర్తునీ జతచేసి, నోరూ కన్నూ వేలూ కలిపి, చిన్న చిన్న మెట్లుగా, మళ్లీ మళ్లీ నేర్పాలి. ఎదురుచూస్తూ కూర్చుంటే అది తగ్గదు. ఈలోగా పిల్లాడు తాను మొద్దునని నమ్మేస్తాడు. ఆ రెండేళ్లు నేను పోగొట్టాను.

బుధవారం నుంచి రోజుకి ఇరవై నిమిషాలు మా వంటింట్లో, బొంబాయి రవ్వ పళ్లెంలో దిద్దుతున్నాం. 'ప', 'ష'ల దగ్గర ఉన్నాం, లోపలి గీత ఒక్కటే తేడా. మరల డబ్బాల మీద అక్షరాలు అతికిద్దామా అని వాళ్లమ్మ అడిగింది. వద్దన్నాను. ఇరవై నిమిషాలు అవగానే వాడు చేతులు దులుపుకుని మిక్సీ దగ్గరికి పరిగెడతాడు. అక్కడికి నేను వెళ్లను.