సీతకు గొంతిచ్చిన సునీతక్క

గాయని సునీతక్కా, మా మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో తెల్లారకముందే మగ్గాలు మొదలవుతాయి. ఆ చప్పుళ్లో పక్కనున్న మనిషి మాటే వినపడదు, నీ పాట మాత్రం ఎట్లాగో వినపడుతుంది. తెగిన పట్టుపోగును వేళ్లు ముడేస్తుంటే, చరణం ఎక్కడుందో నోటికి తెలిసిపోతుంటుంది. 1919లో మార్గరెట్ కజిన్స్ చేత జనగణమనకు స్వరాలు రాయించుకున్న ఊరు మాది. పాట విషయంలో మా మాటకు కాస్త విలువివ్వాలి మరి!

‘గులాబి’ సినిమా వచ్చిన 1995లో నీకు 17 ఏళ్లు. అందులో నీ పాటకు సిరివెన్నెల మాట, శశిప్రీతమ్ బాణీ, ఇంకా లోకం తెలియని నీ గొంతు. పుంగనూరు బస్సుల్లో ఆ క్యాసెట్టు అరిగేదాకా తిరిగింది. ఒక్క పాటతో ఇంటింటి పిల్లవైపోయావు.

19 ఏళ్లకే పెళ్లి. ఇద్దరు బిడ్డలు. ఆ కాపురం నిలవలేదు. ఎందుకు నిలవలేదన్న ఆరా మాకెందుకు? బిడ్డల బరువు మోస్తూ నువ్వు పనికి పోయావు, మాకది చాలు. పాటలు పాడావు, టీవీలో నవ్వుతూ కార్యక్రమాలు నడిపావు, డబ్బింగు గదిలో గంటలకు గంటలు నిలబడ్డావు.

ఆ గదిలో పని ఎవరికి తెలుసు? చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదుట తెరమీద ఇంకొక నటి పెదాలు. అవి మూసుకున్న చోట ప, బ, మ సరిగ్గా పడాలి. ఆమె ఊపిరి పీల్చితే నువ్వు పీల్చాలి, ఆమె వెక్కితే నీ గొంతు పూడుకుపోవాలి. సొంత ఏడుపుకు అక్కడ చోటు లేదు. 2011లో బాపు ‘శ్రీరామరాజ్యం’ తీస్తే, తెరమీద నయనతార, మాట నీది. నిండు గర్భంతో అడవిపాలైన సీత నీ గొంతుతోనే మాట్లాడింది. హాల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఎందరికి నువ్వు గుర్తొచ్చావో!

కుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే ఆడవాళ్లకు నువ్వు బాగా తెలుసు. వాళ్లలో ఒంటిచేత్తో పిల్లల్ని సాకుతున్నవాళ్లున్నారు. చెవిలో నీ పాట, చేతిలో సద్దిడబ్బా, మనసులో ఫీజు లెక్క.

2021 జనవరి 9న శంషాబాద్ దగ్గర అమ్మపల్లి సీతారాముల గుళ్లో మళ్లీ తాళి కట్టించుకున్నావు. నీ బిడ్డలే దగ్గరుండి జరిపించారు. “ఈ వయసులోనా?” అని నోరు పారేసుకున్నవాళ్లకు కొదవలేదు. వాళ్ల ఇంట్లోనూ నీ పాటే మోగుతుంటుంది, సిగ్గు లేనిది వాళ్ల నోటికేగాని పాటకు కాదు. నువ్వు బదులుగా పాడుతూనే ఉన్నావు. నీకు దండం అక్కా, దిష్టి తగలకూడదు.

చదివేవాళ్లకు ఒక్క మాట. మీ వీధిలో ఏ ఆడబిడ్డయినా మళ్లీ పెళ్లి చేసుకుంటుంటే, శుభలేఖ రాకపోయినా సరే, పోయి నాలుగు అక్షింతలు వేసి రండి.