మారియోకు నిషిద్ధాక్షరి

“రేయ్, ఆడ దూకబాక!”

ఎండాకాలం సెలవుల్లో నాయుడుపేటలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ గేము. ఒకడు ఆడుతుంటే ఐదారుగురం చుట్టూ కూర్చునేవాళ్లం. ఆడేవాడి బొటనవేలు కదలకముందే పక్కవాడు అరిచేవాడు. వీడు ఎక్కడ దూకుతాడో వాడికి ముందే తెలుసు. ఆ పసుపుపచ్చ క్యాసెట్ మెనూలో వందల పేర్లున్నా, నాలుగు పేజీలు దాటితే అవే ఆటలు తిరిగొచ్చేవి. ఒకదాంట్లో మారియో నేరుగా మధ్య లెవెల్లో తేలేవాడు. తెలిసిన ఆటలో ఎవరో చెయ్యి పెట్టారని అప్పుడే అర్థమైంది. అలా పెట్టిన చేతిలో ఎంత నేర్పు ఉండగలదో మాత్రం చాలా ఏళ్లకు, ‘కైజో మారియో వరల్డ్’ చూశాకే తెలిసింది.

జపనీస్‌లో కైజో అంటే మార్చి కట్టడం. 1990లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ‘సూపర్ మారియో వరల్డ్’ను టి. తకెమొతో అనే అభిమాని తన స్నేహితుడి చేత ఆడించడానికి మార్చి కట్టాడు. ఆ స్నేహితుడు పడుతూ లేస్తూ ఆడిన వీడియోలు 2007లో ఇంటర్నెట్‌కెక్కి దేశాలు దాటాయి. ఆ తర్వాత ఈ తరహా ఆటలన్నిటికీ కైజో అన్న పేరే నిలిచిపోయింది.

ఇందులోని కిటుకు అవధానం చూసినవాళ్లకు ఇట్టే బోధపడుతుంది. నిషిద్ధాక్షరిలో అవధాని ‘శ్రీ’ అనగానే పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. ‘శ్రీరామ’ వైపు వెళ్తున్నాడని పసిగట్టాడు కనుక. వద్దనడానికి కూడా ఛందస్సు తెలియాలి, కవి మనసు తెలియాలి. తకెమొతో చేసింది అదే. గుంట కనబడగానే ఆడేవాడు అలవాటుగా దూకుతాడు. సరిగ్గా ఆ దూకు దారిలో కంటికి కనబడని దిమ్మె ఒకటి ఉంటుంది. తలకు తగిలేదాకా అది కనబడదు. టింగుమని ఒక నాణెం పైకి లేస్తుంది, మారియో గుంటలో పడతాడు. ఆ దిమ్మెను ఒక్క గడి అటూ ఇటూ జరిపితే పాచిక పారదు. అయితే పడగొట్టిన దిమ్మె అక్కడే గట్టిపడి నిలుస్తుంది. కావాలని తలతో కొట్టి బయటపెడితే అదే మెట్టవుతుంది. పృచ్ఛకుడు వద్దన్న అక్షరమే కవిని కొత్త మాటవైపు నడిపించినట్టు.

అసలు ఆట ఎవరినీ అడగని విద్యలు కూడా ఇక్కడ తప్పనిసరి. తాబేటి చిప్ప చేతపట్టి మారియో గోడవైపు ఎగురుతాడు. గాలిలో ఉండగానే చిప్పను గోడకేసి విసురుతాడు. అది తగిలి వెనక్కి వచ్చే క్షణానికి దాని మీదే కాలు మోపి రెండోసారి ఎగిరి గోడ దాటుతాడు. రెప్పపాటు ముందైనా, వెనకైనా పని కాదు. ఇందుకు మారియోకు కొత్త శక్తి ఏదీ కలపలేదు. 1990 నాటి ఆటలో దాగి ఉన్నదాన్నే అభిమానులు తవ్వి తీశారు.

పనిముట్టు కూడా అభిమానులదే. 2000లో ఫుసోయా అనే అతను ‘లూనార్ మ్యాజిక్’ ఎడిటర్ విడుదల చేశాక, లెవెల్‌ను తెరమీద పరచి దిమ్మెలను మౌస్‌తో పేర్చడం వీలైంది. పంచుకునే పద్ధతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అసలు ఆటను పంచరు, మార్పుల ఫైలును మాత్రమే పంచుతారు. ఐపీఎస్ అనే పాత పద్ధతిలో ఫైలు మొదట ‘ప్యాచ్’ అన్న ఇంగ్లిషు మాట 5 అక్షరాల్లో ఉంటుంది. ఆపైన ప్రతి మార్పుకూ మూడు సంగతులు: ఎక్కడ, ఎంత పొడవు, ఏమి రాయాలి. మన పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక లాంటిదే. పుస్తకం చేతిలో లేనివాడికి ఆ పట్టిక దేనికీ పనికిరాదు. మూలం వేరు, మార్పు వేరు అన్నట్టు ఉంటుంది.

తకెమొతో ఆటను అడుగడుగునా సేవ్ చేసుకుంటూ ఆడాల్సి వచ్చేది. తర్వాతివాళ్లు దారి మార్చారు. మనిషి సాధన చేసి గెలవగలిగేలా లెవెల్ కట్టి, నాణేలను వరుసగా పేర్చి దారి చూపిస్తారు. చచ్చిన మరుక్షణమే మళ్లీ మొదలయ్యేలా ఏర్పాటు చేస్తారు. ఇప్పుడు అమెరికాలో ‘గేమ్స్ డన్ క్విక్’ విరాళాల మారథాన్లలో నిండు సభ ముందు ఈ ఆటలు ఆడుతుంటే జనం లేచి చప్పట్లు కొడతారు.

వీటిని ఉత్త చిలిపితనమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆటను అణువణువూ ఎరగనివాడు ఆ దిమ్మెను అక్కడ పెట్టలేడు. ఈ పని నేర్చుకోవాలనే పిల్లలు మన ఊళ్లో ఉంటే నేను చెప్పేది ఒకటే. ముందు అసలు ఆటను చివరిదాకా ఆడండి. తర్వాత మీ స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకొని ఆడించి, వాడు ఎక్కడ దూకుతాడో చూడండి. “ఆడ దూకబాక” అని అరవాలనిపిస్తుంది. అరవకండి. ఆ చోటు గుర్తుపెట్టుకోండి, మొదటి దిమ్మె అక్కడే.