వేళ్లు నేర్చిన విద్య

బీడీ పనిలోని నేర్పును చూడాలంటే ముందు కత్తెర దగ్గర కూర్చోవాలి. చుట్టడం అందరి కంటా పడుతుంది. కత్తిరించడంలోని తెలివి అంత తొందరగా కనబడదు. రాత్రి నీళ్లలో తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు పొద్దున్నకు మెత్తబడుతుంది. జగిత్యాల, కోరుట్ల నడుమ ఉన్న మేడిపల్లిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటిపని ఒక దారికి తెచ్చుకొని చాట ముందు కూర్చునేది అప్పుడే. ఆకు మీద కొలత రేకు పెట్టి, దాని అంచు వెంట కత్తెర నడుపుతారు. చెబితే ఇంతే. కానీ ఏ రెండు ఆకులూ ఒక్క తీరుగా ఉండవు. ఒకదానికి పురుగు కొట్టిన చిల్లు, ఇంకొకదానికి లావు ఈనె, మరొకటి ఎండి పెళుసెక్కింది. రేకును ఎటు తిప్పి పెడితే ఒక ముక్క వచ్చే చోట రెండొస్తాయో, ఈనె ఏ పక్కకు పడితే చుట్టేటప్పుడు ఆకు చీలదో, కత్తెర కదిలేలోపే ఆమె కన్ను తేల్చేస్తుంది.

ఆ తీర్పు తప్పితే నష్టం ఆమెదే. వెయ్యి బీడీలకు ఇంత ఆకు, ఇంత తంబాకు అని తూచి ఇస్తారు. ఆకు చాలకపోతే సొంత డబ్బులతో కొని లెక్క పూర్తి చేయాలి. కాబట్టి ప్రతి ఆకునూ చివరి అంగుళం దాకా వాడుకోవడం ఆమె పనిలో మొదటి పాఠం. అందులో క్షేత్రగణితం ఉంది. దాన్ని ఆమె కాగితం మీద చేయదు, కంటితో చేస్తుంది.

ఇక చుట్టడం. ఎడమ చేతిలో ఆకు ముక్క, కుడి చేతి వేళ్లతో చిటికెడు తంబాకు. ఒక బీడీలో పడే పొగాకు సుమారు 0.2 గ్రాములు. తక్కెడ లేకుండా, చూపు కూడా అటు తిప్పకుండా, వేళ్లే దాన్ని తూస్తాయి. పొడి ఒక కొన నుంచి ఇంకో కొనకు సమంగా పరుచుకోవాలి. ఒకచోట ముద్ద కడితే బీడీ కాలదు, ఒకచోట పలచనైతే ఆకు నలిగి ముడుచుకుపోతుంది. రెండు బొటనవేళ్లు కిందినుంచి తోస్తుంటే చూపుడువేళ్లు పైనుంచి అదిమి పడతాయి. ఒక కొన సన్నగా, ఇంకో కొన కాస్త వెడల్పుగా తిరగాలి. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే పొడి రాలిపోతుంది. వెడల్పు కొన దగ్గర ఆకు అంచులను లోపలికి మడిచి మూసి, సన్న కొనవైపు దారం చుట్టి తెంపుతారు. అక్కడితో ఒక బీడీ అయింది. మరుక్షణం వేళ్లు ఇంకో ఆకు అందుకుంటాయి.

రోజుకు వెయ్యి చుట్టే చెయ్యిని తీసుకుందాం. పది గంటలు కూర్చుంటే గంటకు వంద, ఒక్కో దానికి 36 సెకన్లు. ఆకు కత్తిరించడం, కట్టలు కట్టడం, మధ్యలో లేచి పొయ్యి చూసి రావడం, ఏడ్చే పిల్లను ఎత్తుకోవడం అన్నీ ఆ 36 సెకన్లలోనే సర్దుకోవాలి. ఇంత వేగంలో వెయ్యోది మొదటిదానిలాగే ఉండాలి. ఎందుకంటే చుట్టిన బీడీలు కార్ఖానాలో చాటన్‌కు పోతాయి. అక్కడ ఏరేవాళ్లు వంకరవి, లొట్టగా ఉన్నవి, దారం జారినవి పక్కన పడేస్తారు. పక్కన పడ్డ బీడీకి కూలి లేదు. వేగం, పొదుపు, ఏకరూపత మూడూ ఒకే చేతిలో కుదరడమే ఈ పనితనం.

ఇంత నేర్పును మన ఊళ్లు ఒక్క మాటతో తీసిపారేస్తాయి. ‘ఆడోళ్ల చేతులు గదా, వాటికదే వస్తది’ అంటారు. ఆడవాళ్లకు పుట్టుకతోనే సన్నని వేళ్లు, ఓపిక, కూర్చుని పనిచేసే గుణం ఉంటాయని, మగవాడి చెయ్యి బరువు పనికే పుట్టిందని చాలామంది నమ్ముతారు. మెచ్చుకోలులా వినిపించే ఈ మాట ఆమె పదేళ్ల సాధనను ప్రకృతి ఖాతాలో జమ చేసేస్తుంది. ఈ నమ్మకంలో దేహానికి ఎంత వాటా ఉంది, నేర్పుకు ఎంత ఉంది అన్నది సూటిగా చూడదగ్గ ప్రశ్న. శాస్త్రం దానికి చాలావరకు జవాబు చెప్పింది.

దేహానికి వాటా ఉంది. చిన్న చిన్న పుల్లలను రంధ్రాల్లో వేగంగా గుచ్చే పరీక్షలో ఆడవాళ్లు సగటున మగవాళ్ల కంటే ముందుంటారని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా గమనించారు. 1990లో మైకేల్ పీటర్స్, ఫిలిప్ సర్వోస్, రాబర్ట్ డే అనే పరిశోధకులు వేళ్ల పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చూశారు. అంతే, ఆ తేడా మాయమైంది. అంటే సన్నని వేళ్లున్న మగవాడు కూడా అంతే చురుగ్గా గుచ్చగలడు. 2009లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ర్యాన్ పీటర్స్, ఎరిక్ హాక్‌మన్, డేనియల్ గోల్డ్‌రైక్ స్పర్శ మీద చేసిన అధ్యయనమూ ఇదే దారిలో తేలింది. వేలితో సన్నని గీతల మధ్య ఎడం పోల్చుకోవడంలో ఆడవాళ్లు సగటున మెరుగు. కానీ దానికి కారణం వేలి కొన చిన్నదిగా ఉండటం. వేలి కొన చిన్నదైతే స్పర్శను పట్టే కణాలు దగ్గర దగ్గరగా ఉంటాయని వారి వివరణ. ఒకే పరిమాణం వేళ్లున్న ఆడ, మగ మధ్య ఆ తేడా నిలవలేదు.

బలం విషయంలో తేడా ఇంకా పెద్దది. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ పెరగడంతో మగపిల్లల భుజాలు, చేతుల కండరాలు బాగా ఎదుగుతాయి. 1993లో అచ్చయిన ఒక పరిశీలనలో ఆడవాళ్ల పైదేహపు బలం మగవాళ్ల బలంలో సుమారు 52 శాతం, కింది దేహపు బలం 66 శాతం ఉన్నట్టు కొలిచారు. దాచవలసిన సంగతేమీ కాదిది. దేహాలు సగటున వేరుగా ఉంటాయి. అయితే సగటు గురించి తెలిసినదాన్ని పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషి గురించి తీర్పు చెప్పలేం. పైగా వేలి మందం పని మొదలుపెట్టడానికి కాస్త వీలు ఇస్తుందే కానీ ఆకును చదవడం, తంబాకును తూచడం, బిగువును పట్టడం నేర్పదు.

అవి నేర్పేది సాధన. 1995లో థామస్ ఎల్బర్ట్ బృందం వయొలిన్ వంటి తీగ వాద్యాలు వాయించేవారి మెదళ్లను పరిశీలించింది. తీగలను నొక్కే ఎడమచేతి వేళ్లకు మెదడులో కేటాయించిన చోటు మామూలు వారి కంటే విస్తరించి ఉంది. ఎంత చిన్న వయసులో సాధన మొదలుపెడితే అంత ఎక్కువ. అంటే సాధన చేతిని మార్చి ఊరుకోదు, ఆ చేతిని నడిపే మెదడునూ మారుస్తుంది. మేడిపల్లి చుట్టుపక్కల బీడీ నేర్చిన చేతులూ చిన్నప్పుడే మొదలుపెట్టాయి. తల్లి పక్కన కూర్చుని పిల్ల ముందు దారం కట్టేది, తర్వాత కొనలు మడిచేది, ఆ తర్వాత చుట్టేది, చిట్టచివరికి కత్తెర పట్టేది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లకు బీడీల పని వస్తుందా అని అడిగిన రోజులు ఇక్కడి పెద్దవాళ్లకు తెలుసు. పుట్టుకతో వచ్చే గుణమైతే ఆ ప్రశ్నే అక్కరలేదు. నేర్చుకున్నదా లేదా అని అడిగారంటేనే అది విద్య అని ఊరికి తెలుసన్నమాట.

1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఎలక్ట్రానిక్స్, దుస్తుల ఫ్యాక్టరీల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ సంగతినే పట్టుకుంది. ఆడపిల్లలు ఫ్యాక్టరీ గడప తొక్కేనాటికే ఇంట్లో తల్లుల దగ్గర కుట్టుపని వంటివి నేర్చి వస్తారు. ఆ శిక్షణ ఇంట్లో, జీతం లేకుండా జరిగింది కాబట్టి దాన్ని ఎవరూ శిక్షణగా లెక్కవేయరు. సహజమైన చురుకుదనం అని పేరు పెట్టి, నైపుణ్యం లేని పని కింద కూలి కడతారు. దేశం వేరు, సరుకు వేరు. కానీ చాట ముందు కూర్చున్న మన అక్కచెల్లెళ్ల సంగతీ సరిగ్గా అదే.

సన్నని పని ఆడవాళ్ల సొత్తు అన్న మాట ఎంత నిలుస్తుందో చూడాలంటే మేడిపల్లి నుంచి సిరిసిల్ల దాకా వెళితే చాలు. అక్కడ అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నది నల్ల పరంధాములు. ఆ విద్యను కొనసాగిస్తున్నది ఆయన కొడుకు విజయ్. జి-20 లోగోను మగ్గం మీద నేసి ప్రధానమంత్రికి పంపిన వెల్ది హరిప్రసాద్‌దీ సిరిసిల్లే. 2022 నవంబర్ ‘మన్ కీ బాత్’లో ఆయన ప్రస్తావన వచ్చింది. కంటికి ఆనీ ఆనని పోగును తెగకుండా లాగడం, తెగితే ముడి కనబడకుండా అతకడం, నేసిన బట్టను అగ్గిపెట్టెలో ఒదిగేంత పలచగా తేవడం మగవాళ్ల వేళ్లు చేసిన పనులే. సాంచల దగ్గరా, అంటే మరమగ్గాల దగ్గరా అంతే. వందల పోగుల్లో తెగిన ఒక్క పోగును చప్పుడు మధ్యలో గుర్తుపట్టి, ముడివేసి, సాంచను మళ్లీ నడిపించేది ఎక్కువగా మగవాళ్లే. ఆ ఇళ్లలోనే ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఒకే ఇంటి కప్పు కింద రెండు సన్నని పనులు. ఒకదాన్ని మగవాడి కళ అంటాం, రెండోదాన్ని ఆడదాని స్వభావం అంటాం.

పటం మీద ఇంకాస్త దూరం పోతే ఈ పంపకం పూర్తిగా తిరగబడుతుంది. కేరళలోని కన్నూరులో బీడీలు చుట్టడం చాలాకాలం మగవాళ్ల వృత్తి. కార్ఖానాల్లో వరుసగా కూర్చుని చుట్టేవారు. ఒకరు పత్రిక చదివి వినిపిస్తుంటే మిగతావాళ్లు పని సాగిస్తూ వినేవారు. 1969లో అక్కడ మొదలైన దినేశ్ బీడీ సహకార సంఘం ఆ కార్మికుల కట్టుబాటులోంచే పుట్టింది. అక్కడ ఎవరూ బీడీ ఆడవేళ్లకే వస్తుందని అనలేదు. అటు అస్సాంలో మగ్గం ముందు కూర్చునేది ముఖ్యంగా ఆడవాళ్లు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశం మొత్తం మీద నేతగాళ్లలో నూటికి 70 మందికి పైగా మహిళలే. సిరిసిల్లలో మగపని అనుకున్నది గువాహటి దగ్గర ఆడపని. మేడిపల్లిలో ఆడపని అనుకున్నది కన్నూరులో మగపని. హార్మోన్లు జిల్లా జిల్లాకూ మారవు. మారుతున్నవి బతుకుదెరువు ఏర్పాట్లు.

ఆ ఏర్పాట్లు ఎలా వచ్చాయో కూడా చెప్పవచ్చు. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. కార్ఖానాలో పనిగంటలు, సెలవులు, వసతులు తప్పనిసరయ్యాయి. దాంతో పలుచోట్ల యజమానులు పనిని కార్ఖానా నుంచి ఇళ్లకు మళ్లించారు. ఇంట్లో చేసే పని ఇంట్లో ఉండే మనిషికి చేరింది. ఇటు ఫ్యాక్టరీల చట్టం రాత్రివేళ ఆడవాళ్ల పనికి హద్దు పెట్టింది. రాత్రింబవళ్లు పన్నెండేసి గంటల షిఫ్టుల్లో నడిచే సాంచ మగవాడిదైంది. సాంచను లాగేది కరెంటు మోటారు కాబట్టి భుజబలం దానికి పెద్ద కారణం కాదు. జగిత్యాల, కోరుట్ల వైపు మగవాళ్లు గల్ఫ్‌కు పోయారు. పంపిన డబ్బు అప్పులకూ వడ్డీలకూ పోగా, ఉప్పూ పప్పూ, పిల్లల ఫీజులూ బీడీల కూలి మీద నడిచాయి. పిల్లలను, ముసలివాళ్లను, పొలాన్ని చూసుకుంటూ మధ్య మధ్య చేయగలిగిన పని అదొక్కటే. ఇన్ని కారణాలు కలిసి చేసిన పంపకానికి మనం ప్రకృతి అని పేరు పెట్టాం.

ఈ పనితనాన్ని మెచ్చుకుంటూనే దాని ఖరీదునూ చెప్పాలి. బీడీ తాగేవాడి ఊపిరితిత్తులను తినేస్తుంది. చుట్టే ఆమెకు తంబాకు ధూళితో దగ్గు, చర్మం గుండా ఎక్కే నికోటిన్‌తో తలతిప్పు, గంటల తరబడి వంగి కూర్చోవడంతో నడుము, మెడ నొప్పులు. దేహం నిజంగా లెక్కకు రావలసిన చోటు ఇది. గర్భిణి పొగాకు పొడి మధ్య కూర్చున్నప్పుడు ఆమె దేహం వేరని ఎవరికీ గుర్తుకురాదు. కూలి కట్టేటప్పుడు మాత్రం ఆడచేతుల సంగతి గుర్తుకొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే ఆసరా పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలైంది. అది కష్టానికి దొరికిన గుర్తింపు, నిజమే. నైపుణ్యానికి గుర్తింపు ఇంకా రావాలి.

అది వస్తే ఏం మారుతుంది? బీడీకి గిరాకీ పోతున్నకొద్దీ ఈ చేతులు వేరే పనికి మళ్లాలి. సిరిసిల్ల దగ్గర పెద్దూరు అపారెల్ పార్కులో ఆడవాళ్లు ఇప్పటికే కుట్టుమిషన్ల ముందు కూర్చుంటున్నారు. అక్కడికి వెళ్లే బీడీ కార్మికురాలిని ఏమీ రాని మనిషిగా చేర్చుకోకూడదు. వంకర ఆకు మీద కొలత వేయగల కన్ను ఆమెది. కటింగ్ టేబుల్ దగ్గర, నాణ్యత చూసే చోట ఆమెకు జాగా ఉండాలి. సాంచ నేర్చుకుంటానన్న ఆడపిల్లకు నేర్పాలి, సూది పట్టుకుంటానన్న మగపిల్లవాడిని చూసి నవ్వకుండా కూర్చోబెట్టాలి.

వేలి కొన మందంలో ఉన్న ఆ కాస్త తేడాను ప్రకృతికి వదిలేద్దాం. మిగిలినదంతా మేడిపల్లి ఆడవాళ్లు తల్లుల పక్కన కూర్చుని, చేతులు కాయలు కట్టేదాకా నేర్చుకున్న విద్య. దానికి విద్య అని పేరు పెట్టి, విద్యకు కట్టే కూలే కట్టాలి.