పరామర్శకు పని చెప్పండి

పాత అల్వాల్‌లో మా వీధి చివరింటి తలుపుకు ఈ వారం ఒక కాగితం అతికించారు: ‘పరామర్శకు ఎవరూ రావద్దు’. ఆ ఇంటి పెద్దాయనకు ఈమధ్యే కిడ్నీ మార్పిడి జరిగింది. పరామర్శలంటే నాకు మహా విసుగు. ఆపిల్ పండ్ల సంచీ, ‘మా బావమరిదికి గూడ ఇట్లనే అయింది’ అనే కథ, మధ్యలో రెండు తుమ్ములు. ఆ కాగితం చూసి సంబరపడ్డాను.

పరాయి కిడ్నీని ఒళ్లు తరిమెయ్యకుండా రోజూ మందులు వేసుకోవాలి. రోగనిరోధక శక్తిని అణచడమే వాటి పని. అది తెలియక లోతుకుంట నుంచి ఒకాయన ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయం పొడి తెచ్చిచ్చాడట! డాక్టరును అడగకుండా అలాంటివి నోట్లో వేసుకోకూడదు.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మాట వచ్చాక మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావును తలవకుండా ఉండలేను. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. కొందరిలో కొన్నాళ్లయినా జబ్బు వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్లకూ కీళ్లవాతానికీ వాడుకలో ఉంది. ఇవి తెల్లకణాలనూ తగ్గిస్తాయి, ఆ సందు చూసుకుని సూక్ష్మజీవులు దూరతాయి. సుబ్బారావు పరిశోధన విభాగానికి పెద్దగా పనిచేసిన ఆ లెడర్లీ నుంచే, ఆయన పోయిన 1948లోనే, సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే ఆరియోమైసిన్ కూడా వచ్చింది. రెండు మందులూ ఒకే గూటివి!

అంత మందు ఉన్నా ఇంటి కాపలా ఇంటిదే. తలుపు తట్టకుండా ఫోన్ చేస్తే ఆ ఇంటి వదినే రమ్మంది. ‘ఏమనుకోకన్నా, సబ్బుతోటి చేతులు కడుక్కొని, మాస్కు పెట్టుకొని రా.’ పెద్దాయనను చూసుకునేది ఆమె ఒక్కతే. వంట, మందులు, ఆస్పత్రి, అన్నీ ఆమే. ‘రాత్రి జ్వరమొస్తే ఎట్లన్నా?’ అంది. 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. బండి నడిపేదెవరు?

జలుబున్నవాడు గడప తొక్కకూడదు, అందులో మాట లేదు. ఒంట్లో బాగున్నవాణ్ని మాత్రం ఆపొద్దు, పని చెప్పండి. ఇంట్లోవాళ్లను ఫ్లూ సూదికి తీసుకెళ్లొచ్చు. వాళ్ల బాల్కనీ నిండా పావురాల రెట్ట, అందులో ఊపిరితిత్తులకు ఎక్కే ఫంగస్ ఉండొచ్చు. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి, మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపి తీయాలి. పెద్దాయనను ఆ పూట లోపలి గదిలో ఉంచి, తలుపు మూయాలి.