కిటికీ పక్క సీటు

భద్రాచలం నుంచి పర్ణశాలకి వెళ్తూ బస్సులో కాళిదాసు ‘రఘువంశం’ పదమూడో సర్గ మళ్లీ చదివాను. లంక నుంచి అయోధ్యకి పుష్పక విమానంలో తిరుగు ప్రయాణం. ఫ్లైట్ ప్లాన్ లేదు, కస్టమ్స్ లేదు, అనుకుంటే చాలు కదులుతుంది. రాముడు కిందికి చూపిస్తూ పోతాడు: ఇదిగో సముద్రం, నీ అందె దొరికిన చోటిదే, అదిగో గోదావరి. వర్ణన అద్భుతం, ఒప్పుకుంటా.

కానీ రాముడు ఆ దారిన నడిచి వెళ్లినవాడు. దాన్ని ఆకాశంలోంచి ముందే చూసింది సీత, అదీ ఏడుస్తూ. మరి ఎవరు ఎవరికి చూపించాలి? కాళిదాసు ఆమెకి కిటికీలోంచి మబ్బుని తాకే చెయ్యి ఇచ్చాడు, మాట ఇవ్వలేదు.

పర్ణశాలలో రాతిమీద సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని చూపిస్తారు. నమ్మక్కర్లేదు. కాకపోతే ఆ కథ ఆమె రోజువారీ పనిలోంచి మొదలవుతుంది. మహాకవి ఎగిరిన ఎత్తునుంచి ఆ చీర కనపడలేదు.